వ్రాఁతపీఠపుఁ బరికరములు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమల లేఖనసామగ్రి

ప్రాచీనగ్రంథములను బరిష్కరించు పండితులు పాఠభేదములను గూర్చియు, లిపిభేదములను గూర్చియు విస్తరించి వ్రాయుదురు. ఆ పాఠమును వ్రాసిన గంటమెట్టిది, కాగితమెట్టిది, సిరా యే ద్రవ్యములతోఁ జేయఁబడినది యను ప్రశ్నలు మాత్ర మంతగా విచారింపఁబడుట లేదు. ఇవి వస్తుప్రియుల ముచ్చటలని కొందఱకుఁ దోఁపవచ్చును. నిజమునకు వ్రాఁతప్రతిలో నేది కవిపాఠము, ఏది లేఖకదోషము, ఏది కాలము చేసిన చెఱుపు అని నిర్ణయించుట కివి ముఖ్యాధారములు. కావున వ్రాఁతపీఠముపై నుండు పరికరములను, అవి వ్రాఁతపై విడుచు గుర్తులను, ఉత్తర తెలంగాణమునఁ గల మూఁడు పట్టణముల సంబంధమున నిట వివరింపఁబూనితిమి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పూర్వము కరీంనగరు జిల్లాలోనివి. 2016 అక్టోబరులో జిల్లాలు పునర్విభజింపఁబడినప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోఁ జేరినవి. మూఁడవది రాజన్న సిరిసిల్ల జిల్లాకు ముఖ్యస్థానమైనది. ఈ సీమకు విద్య క్రొత్తది కాదు. 10వ శతాబ్దిలో వేములవాడ చాళుక్యులకు రాజధాని. కన్నడ మహాకవి పంపఁడు రెండవ యరికేసరి యాస్థానమున నుండెను. పంపని తమ్ముఁడు జినవల్లభుఁడు కుర్క్యాల సమీపమున బొమ్మలగుట్టపైఁ జెక్కించిన శాసనమునఁ దెలుఁగు కందపద్యములు గలవు. గోదావరీతీరమునందలి ధర్మపురి వేదశాస్త్రపండితులకు నెలవు. ఱాతిపై వ్రాఁత నిలిచినది; ఆకులపైనను, కాగితములపైనను ఉన్నదే నానాఁటికి నశించుచున్నది.

గంటము.— తాటియాకులను నీటఁ గాఁచి, నీడ నాఱవైచి, నునుపుచేసి, సమముగాఁ గత్తిరించి, రంధ్రము చేసి త్రాటఁ గూర్చుట మన పూర్వుల పద్ధతి. దానిపై వ్రాయు నినుపమొన గల సాధనమే గంటము. ఉత్తరహిందూస్థానమునఁ దాళపత్రములపై సిరాతో వ్రాయు వాడుక యుండఁగా, దక్షిణదేశమున గంటముతో గీచి, పిమ్మట మసి నలఁది, గీఁతలను వెలయించుట యాచారమైనది. గంటముతో వ్రాయువానికి బల్ల యక్కఱలేదు. ఎడమచేత నాకును బట్టి, బొటనవ్రేలి యానికతో గంటపుమొనను నిలిపి, గంటముకంటె నాకునే యెక్కువగా జరుపుచు వ్రాయును. కావుననే యక్షరముల పరిమాణము పంక్తి యంతటను సమముగా నుండును.

దీనివలనఁ బాఠకునకుఁ దెలియవలసిన దేమి? ఆకుపై గీచిన గీఁతలో మసి నిలిచిననే యక్షరము కనఁబడును. ధకారమునకు అడుగున నుండు చిన్నగీఁతలో మసి నిలువనియెడ నది దకారముగాఁ గనఁబడును. ఇట్టి తావున 'లేఖకుఁడు ఒత్తు విడిచెను' అని టిప్పణి వ్రాయుటకు ముందుగా, ఆకును వెలుతురునకు ఏటవాలుగాఁ బట్టి చూచినచో గీఁత బయల్పడును. అట్లే పురుగు తొలిచిన రంధ్రము సున్నవలెఁ దోఁచుచుండును. ముందువెనుకల యాకులలో నదే తావునందు రంధ్రమున్నచో నది పురుగుచేఁత, లేనిచో విచారింపఁదగినది. ఎకార ఏకారములకును, ఒకార ఓకారములకును భేదము చూపకుండుట ప్రాఁతప్రతులలో సామాన్యము. దానిని లేఖకుని యజ్ఞానముగా నెంచరాదు.

కడితము.— ఆకునకును కాగితమునకును నడుమ నింకొక సాధనమున్నది. గట్టి నూలుగుడ్డకుఁ జింతగింజల యంబలియు బొగ్గుపొడియుఁ గలిపి పట్టించి, యెండఁబెట్టి, మడతలుగా మడిచినది కడితము. తెలుఁగు కన్నడ దేశముల వర్తకులు దీనిపై బలపముతో లెక్కలు వ్రాసికొనుచుండిరి. అక్కఱ తీఱినపిదపఁ దుడిచి మరల వ్రాయుటకు వీలుగల దగుటచే నిది నేఁటి పలకకు జ్ఞాతి. తుడువఁబడుట దీని గుణమే గాన, కడితముపై నిలిచియున్న తుదివ్రాఁత మాత్రమే మనకు లభించును; దానినిబట్టి పూర్వపు లెక్కల నూహింపరాదు.

కోరుట్ల కాగితము.— 1908 ప్రాంతమున వెలువడిన ఇంపీరియల్ గెజెటీరు కోరుట్లను జేతికాగితమునకుఁ బేరువడిన యూరుగాఁ బేర్కొనుచు, ఆ మోటుకాగితమును బట్వారీలు లెక్కపుస్తకములకు వాడుదురని తెలిపినది. ఈ యొక్కమాటలో మనకుఁ గావలసిన చరిత్ర యెంతయో యిమిడియున్నది. మిల్లుకాగితము చౌకగా దొరకుచున్న కాలమునను బట్వారీ మోటుకాగితమును విడువలేదు. లెక్కపుస్తకము తరములు నిలువవలసినది; పలుమాఱులు త్రిప్పఁబడునది; చెమటచేతులఁ బడునది. అట్టిదానికి నారబలము కావలయును.

హిందూస్థానమునఁ జేతికాగితము చేయు సామాన్యపద్ధతి యిట్టిది. జనుపనార, ప్రాఁతత్రాళ్లు, గోనెపీలికలు మొదలగువానిని ముక్కలు చేసి, సున్నపునీట నానవైచి, కాలితోఁ ద్రొక్కు బరువైన రోకలితో దంచి, పలుమాఱులు కడిగి, గుజ్జు చేయుదురు. ఆ గుజ్జును నీటితొట్టిలోఁ గలిపి, సన్నని గడ్డిపుల్లలతో నల్లిన చాపను జట్రముపైఁ బఱచి, నీటిలో ముంచి పైకెత్తఁగా, నీరు దిగి నార పలుచని పొరగా నిలుచును. ఆ పొరలను దొంతిపెట్టి, బరువుతో నొక్కి, గోడలకంటించి యాఱనిచ్చి, గంజి పట్టించి, నున్ననిఱాతితోనో గవ్వతోనో మెఱుఁగుపెట్టుదురు. కొయ్యగుజ్జుతో యంత్రములు చేసిన కాగితమున నార పొట్టిది. పటికవంటి యామ్లద్రవ్యములు కలిసినదగుటచే నది యేఁబది యేండ్లకే పసుపువాఱి పెళుసగును. సున్నపునీటిలో నానిన పొడుగు నార యట్లుగాదు.

పరిశోధకుఁ డీ పద్ధతిని దెలిసికొన్నచో ఱేకును వెలుతురున కెత్తి చూచి పలువిషయములు గ్రహింపఁగలఁడు. గడ్డిచాప గుర్తులు దగ్గఱదగ్గఱగా సన్ననిచారలై కనఁబడును. ఒకే పుస్తకమునఁ గొన్ని ఱేకుల చారలు భిన్నముగా నున్నచో, అవి వేఱొక దొంతిలోనివనియు, పిమ్మటఁ జేర్పఁబడి యుండవచ్చుననియు శంకింపవలెను. మెఱుఁగు చెదరినతావు వ్రాఁత దిద్దఁబడిన తావని తలంపవచ్చును. గంజి పురుగుల కాహారము. కావునఁ గాగితమెంత బలమైనదైనను గంజియే దానికి శత్రువైనది. దీనికి జాగరూకతయే మందు.

సిరా.— ప్రాఁతసిరాలు ముఖ్యముగా రెండు జాతులు. నూనెదీపపు మసిని దుమ్మబంకనీటితో నూఱి చేసినది యొకటి. కరక్కాయ కషాయమున నన్నభేదిని గలిపి చేసినది రెండవది. మసిసిరా కాగితముపైననే నిలుచును, ఎండకు వెలియదు, కాని తడిగుడ్డతోఁ దుడిచినఁ బోవును. అన్నభేదిసిరా కాగితమున కెక్కి, గాలి తగిలిన కొలఁది నలుపెక్కును, తుడిచినఁ బోదు, కాని కాలక్రమమున గోధుమవన్నెకు మాఱి, ద్రవ్యము మితిమీఱినచోఁ గాగితమునే తినివేయును. అక్షరముల తావునఁ గాగితము తూటుపడి, చుట్టును గోధుమవన్నె చాయ యున్నచో నది యీ రెండవ సిరా యని యెఱుంగవలెను. భూమి లెక్కలలో నంకెలు మార్పఁబడినవా యను సందేహము గల్గినచో సిరాజాతిని ముందు నిర్ణయింపవలెను. మసిసిరాతో వ్రాసిన యంకెను దుడిచి వేఱొకటి వ్రాయుట సులభము. రెండవదాని విషయమున గీకక తప్పదు. గీకిన తావు దాఁగదు. ఏ సిరాయో తెలియని ఱేకును ఎన్నఁడును దడుపరాదు.

కలందాను.— హైదరాబాదు సంస్థానమున 1884 ప్రాంతము వఱకుఁ బారసీకము కచ్చేరీభాష; తరువాత నుర్దూ. గ్రామమునఁ దెలుఁగులెక్క, తాలూకా కచ్చేరీలో నుర్దూకాగితము అగుటచే, నీ సీమ వ్రాఁతపీఠముపై రెండు లిపుల సంప్రదాయములు గలిసినవి. కలములు, సిరాబుడ్డి, కలము చెక్కుకొను చిన్నకత్తి వీనినన్నిటిని ఇముడ్చుకొను పొడవైన పెట్టె కలందాను. ఱెల్లుకలపు మొన నస్తలీఖు వ్రాఁతకు వెడల్పుగాను ఏటవాలుగాను గోయఁబడును. దానివలన గీఁత యొకదిక్కున లావై యొకదిక్కున సన్ననగును. సిరాబుడ్డిలోఁ బట్టుపీచు నుంచుదురు; అది సిరాను బీల్చియుంచి కలమునకు మితముగా నందిచ్చును. పీచు లేని బుడ్డిలో ముంచిన కలము పంక్తిమొదటఁ గారి సున్నల కడుపు పూడ్చును. ఇట్టి పూడిక సున్నయా చుక్కయా యని తర్కింపనక్కఱలేదు. పంక్తిలోఁ దావు చూచిన జాలును.

వ్యాసపీఠము.— ఒకే పలకను జీల్చి, మేకు లేకుండ నొకదానిలో నొకటి యిమిడించి, తెఱచినప్పుడు కత్తెరవలె నిలుచునట్లు చేసిన పీఠమిది. మహమ్మదీయు లిట్టిదానినే రెహల్ అందురు. గ్రంథము నేలఁ దాఁకరాదను భక్తి దీనికిఁ గారణమని సామాన్యముగాఁ జెప్పుదురు. భక్తితోపాటు ఉపయోగమును గలదు. పుస్తకము పూర్తిగా వెల్లకిల విప్పఁబడక, కుట్టుపై బరువు పడక, కంటికి ఏటవాలుగా నుండును. నేఁటి గ్రంథరక్షకులును బ్రాఁతపుస్తకములను బూర్తిగా విప్పక మెత్తని యానికలపై నుంచి చదువుమనియే చెప్పుచున్నారు.

గ్రంథపు గుడ్డ.— చదివినపిదప గ్రంథమును గుడ్డలోఁ జుట్టి కట్టుట మన యాచారము. మానేరు తీరమునందలి సిరిసిల్ల పూర్వము చేమగ్గములకును, నేఁడు మరమగ్గములకును బ్రసిద్ధి. అచ్చట నూలుగుడ్డయుఁ బాలియెస్టరు గుడ్డయు రెండును నేయఁబడుచున్నవి. గ్రంథమునకు నూలుగుడ్డయే తగును; అది తేమను బీల్చి విడుచును. రంగు విడుచు క్రొత్తగుడ్డను ముందుగా నుదికి యాఱవేసి వాడవలెను. గుడ్డలో వసకొమ్మును గాని యెండిన వేపాకును గాని యుంచుట ప్రాఁతపద్ధతి. నిమ్మగడ్డినూనె తాటియాకులకు మాత్రమే. కాగితమునకుఁ బూసినచో మరక యగును.

ఊటకలము.— 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు పొందిన కలముతో సిరాబుడ్డి కలములోనికే చేరినట్లయినది. మనదేశమున స్వదేశోద్యమ ప్రేరణచే రాజమహేంద్రవరమున 1932లో రత్నం కలముల పరిశ్రమ యారంభమైనది. గాంధీమహాత్ముఁడు 1935లో ఆ కలమును మెచ్చుకొనుచు లేఖ వ్రాసెను. మేలైన కలములపై నాదరముగల పాఠకులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. మసిబంకసిరాను ఊటకలమునఁ బోసినచో నాళము పూడిపోవును. ప్రాఁతసిరా ఱెల్లుకలమునకే తగును. గంజి పట్టని చేతికాగితముపై ఊటకలపు సిరా నారవెంటఁ బ్రాకి యక్షరమును జెఱుచును. మెఱుఁగుపెట్టిన కాగితమే దానికిఁ దగును. కలము, సిరా, కాగితము మూఁడును ఒకదాని కొకటి యనుకూలముగా నుండవలె నను నియమము నాఁడును నేఁడును నొకటియే.

ఇఁక నీ విచారముయొక్క ప్రయోజనము. 1984లో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయినది. అదివఱకు వంశపరంపరగా నిండ్లలో నుండిన లెక్కపుస్తకములు, కవిలెకట్టలు ఉపయోగము లేనివైనవి. కొన్ని కచ్చేరీలకుఁ జేరినవి. కొన్ని యటుకలపై మిగిలినవి. అందు భూమి కొలఁతలు మాత్రమే కాదు, ఊళ్ల ప్రాఁతపేళ్లు, చెఱువుల వివరములు, పంటల పేళ్లు, ఇప్పటి నిఘంటువుల కెక్కని తెలుఁగుమాటలు గలవు. కరణపు వ్రాఁతను జదువఁగలవారు నానాఁటికిఁ దక్కువగుచున్నారు. వ్రాసిన పరికరములను గుర్తింపఁగలవా రంతకంటెఁ దక్కువ. కలందాను నలంకారవస్తువుగా నొకరు కొని, పుస్తకము నింకొకరు తూకమున కమ్మినచో, రెండును మూగవైపోవును. ఏ సిరా యే కలముతో నే కాగితముపై వ్రాయఁబడినదో చెప్పునది వాని సాహచర్యమే.

కావునఁ బాఠశాలలలోని పండితులు తమ యూళ్ల ప్రాఁతయిండ్లలో నిట్టి సామగ్రి యున్నచో దానిని విడఁదీయకుండఁ గాపాడునట్లు గృహస్థులకు నచ్చఁజెప్పవలెను. ఏ వస్తువు ఏ పుస్తకముతోఁ గూడ నుండెనో వ్రాసియుంచవలెను. తుడుచుట, కడుగుట, క్రొత్తగా నట్టలు కుట్టించుట మొదలగునవి నిపుణులు చూచువఱకు మానవలెను. 2003లో దేశమున హస్తలిఖితగ్రంథముల పట్టికను సిద్ధపఱచుటకై జాతీయ సంస్థ యేర్పడినది. హైదరాబాదున బ్రాచ్యలిఖిత గ్రంథాలయమున్నది. వానికిఁ దెలిపినచో నట్టివి నమోదగును. విద్యార్థులకుఁ గోరుట్ల కాగితపు ఱేకు నొక్కదానిని వెలుతురున కెత్తి చూపి, చాపచారలను లెక్కింపఁజేసినచో, గ్రంథమనఁగా నక్షరములు మాత్రమే కాదనియు, దానివెనుక నారయు, నీరును, చేతిపనియుఁ గలవనియు వారు గ్రహింతురు. అట్లు గ్రహించినవారు ప్రాఁతకట్టను తూకమున కమ్మరు.