రాగి తీగ మీది సన్నని పొర

మోటారు రీవైండింగ్ షాపులో కండెలకు చుట్టి కనిపించే రాగి తీగ వట్టి రాగి కాదు. దాని మీద కంటికి ఆనని పాలిమర్ పూత ఉంటుంది. అదే ఎనామిల్. అది లేకపోతే పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగిలి, కరెంటు అడ్డదారి పడుతుంది. 1831లో మైకేల్ ఫారడే ఇనుప రింగుకు తీగ చుట్టినప్పుడు ఈ కాపలా పనిని పురికొసకూ నూలు గుడ్డకూ అప్పగించాడు.

ఇప్పటి మోటార్లది వేరే చిక్కు. వేగాన్ని అదుపు చేసే ఇన్వర్టర్, వోల్టేజీని నున్నని అలలా కాక సెకనుకు వేల దెబ్బలుగా పంపుతుంది. చుట్ల మధ్య ఇరుక్కున్న గాలిలో ఆ దెబ్బలకు చిన్న చిన్న మెరుపులు పుడతాయి. వీటిని పార్షియల్ డిశ్చార్జి అంటారు. చెద కర్రను తిన్నట్టు అవి పూతను తినేస్తాయి. మందపాటి ఇన్సులేషన్‌లోనైతే కొమ్మలు కొమ్మలుగా చీలే దారులు తొలుస్తాయి. వాటికి ఇంజనీర్లు పెట్టుకున్న పేరు ‘ఎలక్ట్రికల్ ట్రీ’.

దీనికి ఒక విరుగుడు, పాలిమర్‌లో సిలికా, అల్యూమినా వంటి నానో రేణువులు కలపడం. ఎపాక్సీలో సిలికా పొడి కలపడం పాత పద్ధతే. అక్కడ చాలాసార్లు బరువులో సగానికి పైగా పొడే ఉంటుంది. నానో రేణువులైతే కొద్ది శాతం చాలు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. 10 మైక్రాన్ల సిలికా గుండ్లు ఒక గ్రాము తీసుకుంటే, వాటి ఉపరితలమంతా కలిపినా దిండు గలీబంతే. అదే గ్రామును 10 నానోమీటర్ల గుండ్లుగా చేస్తే సుమారు 270 చదరపు మీటర్లు, అంటే రెండు కబడ్డీ కోర్టులు! సరుకు పెరగలేదు, సరిహద్దు వెయ్యి రెట్లు పెరిగింది.

కిటుకంతా ఆ సరిహద్దులోనే ఉంది. అక్కడ పాలిమర్ గొలుసులు రేణువును కరచుకుని కదలిక తగ్గించుకుంటాయి. దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు అక్కడి ఉచ్చుల్లో చిక్కుతాయి. ‘చెట్టు’ కూడా రేణువులను తప్పించుకుంటూ మెలికలు తిరగాలి. 1994లో టి.జె. లూయిస్ ‘నానోమెట్రిక్ డైఎలక్ట్రిక్స్’ అనే వ్యాసంలో పరిశోధకుల చూపును ఈ సరిహద్దు వైపే తిప్పాడు.

రేణువును బట్టి పాలిమర్ అయస్కాంత గుణమూ మారవచ్చు. సిలికా కలిపితే అది దాదాపు మారదు. ఇనుప ఆక్సైడైన మాగ్నటైట్ కలిపితే మారుతుంది. పెద్ద ఇనుప ముక్కలో, మారే అయస్కాంత క్షేత్రం ఎడ్డీ ప్రవాహాలు పుట్టించి వేడెక్కిస్తుంది. పాలిమర్‌లో రేణువులు విడివిడిగా ఉంటే ఆ ప్రవాహాలకు తిరిగే చోటుండదు. పైగా 10 నానోమీటర్ల మాగ్నటైట్ గుండు, క్షేత్రం తీసేయగానే అయస్కాంతత్వాన్ని వదిలేస్తుంది. మోతాదు మించితే మాత్రం రేణువులు ఒకదానికొకటి తగిలి కరెంటుకు బాట వేస్తాయి.

మేలు చేసే సరిహద్దే కీడూ చేయగలదు. సిలికా ఉపరితలానికి తేమంటే మక్కువ. తడిసిందంటే అదే కరెంటు కారే దారి. అందుకే రేణువులకు ముందుగా సైలేన్ పూత పూస్తారు. కలపడం మరో పరీక్ష. ఉప్మాలో రవ్వలాగే ఇవీ ఉండ కడతాయి. ఉండ కట్టాయా, రెండు కబడ్డీ కోర్టులూ మళ్లీ దిండు గలీబు వైపే కుంచించుకుపోతాయి.