తీగలో రాగి ఎంత?
నెట్‌వర్క్ కేబుల్ కొనేవారు గమనించాల్సిన విషయాలు

కరీంనగర్: కార్యాలయంలో పది కంప్యూటర్లు ఉంటాయి. అన్నీ కొత్తవే. అయినా మధ్యాహ్నం రెండు గంటలైతే చాలు, సర్వర్ దొరకదు, ప్రింటర్ పలకదు. సాయంత్రానికి దానంతటదే బాగవుతుంది. నెపం ఇంటర్నెట్ సంస్థ మీదకో, కంప్యూటర్ మీదకో పోతుంది. గోడ వెంట పాకిన నీలిరంగు తీగను మాత్రం ఎవరూ అనుమానించరు. తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే తరువాత భారత్‌నెట్ అయింది. అయితే ఫైబర్ గుమ్మం దాకా వచ్చినా, లోపల గదుల మధ్య సమాచారాన్ని మోసేది ఇప్పటికీ ఎక్కువచోట్ల రాగి తీగే.

తొలినాళ్లలో ఈ పని కోయాక్సియల్ కేబుల్ చేసేది. టీవీ కేబుల్‌ను పోలిన ఒకే తీగ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు సాగిపోయేది. సన్నరకం 185 మీటర్లు, లావురకం 500 మీటర్ల వరకు పనిచేసేవి. వేగం సెకనుకు 10 మెగాబిట్లు. రెండు కొసలకూ 50 ఓంల బిరడాలు బిగించాలి. ఒక్కచోట బిగింపు వదులైతే వరుసలోని యంత్రాలన్నీ ఆగిపోయేవి. ఎక్కడ వదులైందో వెతకడానికే పూట గడిచిపోయేది.

మెలికలోనే మర్మం

ఇప్పుడు వాడుతున్నది మెలివేసిన జతల కేబుల్. పై తొడుగు కింద ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. జతలోని రెండు తీగలూ ఒకదానినొకటి పెనవేసుకుని ఉంటాయి. కరీంనగర్ ఫిలిగ్రీ పనివారు వెండి తీగలను మెలివేసేది అందం కోసం. ఇక్కడ మెలిక రక్షణ కోసం. బయటి విద్యుత్ అలజడి రెండు తీగలనూ సమానంగా తాకుతుంది. అవతలి కొసలో యంత్రం రెండింటి తేడానే చూస్తుంది కాబట్టి ఆ అలజడి రద్దయిపోతుంది. టెలిఫోన్‌ను కనుగొన్న గ్రాహంబెల్ 1881లోనే ఈ పద్ధతికి పేటెంట్ పొందారు. కొసలో కనెక్టర్ బిగించేటప్పుడు 13 మిల్లీమీటర్లకు మించి మెలిక విప్పరాదన్న నియమం ఇందుకే ఉంది. తొందరలో అంగుళంన్నర విప్పేసే పనివారు లేకపోలేదు.

మెలికల బిగువును బట్టి రకాలు మారతాయి. క్యాట్-5ఇ సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని వంద మీటర్ల వరకు మోస్తుంది. క్యాట్-6 పది గిగాబిట్లనూ మోయగలదు గానీ 55 మీటర్ల లోపే. వంద మీటర్లకూ ఆ వేగం కావాలంటే క్యాట్-6ఏ వేయాలి. క్యాట్-8 పరిధి 30 మీటర్లే, అది డేటా సెంటర్ల సరుకు. చిన్న కార్యాలయానికి, బడికి, దుకాణానికి క్యాట్-5ఇ లేదా క్యాట్-6 సరిపోతుంది. అంతకు మించి అంటగట్టేవారి మాట వినాల్సిన పనిలేదు.

వేసవిలో మధ్యాహ్నం ఆగిపోవడానికీ కారణముంది. ఈ లెక్కలన్నీ 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కట్టినవి. వేడి పెరిగేకొద్దీ తీగలో సంకేతం బలహీనపడుతుంది. గోడలోపల 90 మీటర్లు వేయదగిన కేబుల్‌ను 60 డిగ్రీల వేడిలో 75 మీటర్లకే పరిమితం చేయాలి. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఇక రేకుల కప్పు కింద వేడి ఎంతో చెప్పనక్కరలేదు.

రాగి పూత, లోపల అల్యూమినియం

అసలు మోసం వేరే ఉంది. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసి క్యాట్-6 పేరుతో అమ్ముతున్నారు. చూపుకు తేడా తెలియదు, ధర మాత్రం తక్కువ. కేబుల్ ప్రమాణాలు ఈ తీగను అంగీకరించవు. దీని నిరోధం రాగి కంటే సగానికి పైగా ఎక్కువ. పైగా నాలుగుసార్లు వంచితే విరుగుతుంది.

సీసీ కెమెరాల విషయంలో ఇది మరింత చేటు. కెమెరాకు కావలసిన కరెంటు కూడా అదే కేబుల్ గుండా పోయే విధానానికి 2003లో ప్రమాణం వచ్చింది. అప్పట్లో 15.4 వాట్లు, 2018 నాటి ప్రమాణంతో 90 వాట్ల వరకు పంపవచ్చు. అల్యూమినియం తీగలో ఆ కరెంటు కొంత వేడిగా వృథా అవుతుంది. దూరపు కెమెరా రాత్రివేళ లైట్లు వెలిగించుకోగానే ఆరిపోతుంది. దొంగతనం జరిగిన రాత్రి రికార్డు ఉండదు. కేబుళ్లను కట్టగా కట్టి బిగించినచోట తొడుగు కరిగే ప్రమాదమూ ఉంది.

గుర్తించడం కష్టం కాదు. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే. 305 మీటర్ల క్యాట్-5ఇ పెట్టెలో రాగి ఒక్కటే సుమారు నాలుగున్నర కిలోలు తూగాలి. పూత తీగైతే రెండు కిలోలు కూడా ఉండదు. పెట్టెను చేత్తో ఎత్తి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఇప్పటికే వేసిన కేబుల్‌నైతే మల్టీమీటర్‌తో చూడవచ్చు. వంద మీటర్ల కేబుల్‌లో ఒక జతను అవతలి కొసలో కలిపి కొలిస్తే 19 ఓంలకు మించరాదు. ఎండ వేడికి మరో రెండు ఓంలు పెరిగినా ఫరవాలేదు. పాతిక దాటితే అనుమానించాల్సిందే.

ఒక భవనం నుంచి మరో భవనానికి ఆరుబయట రాగి వేయకపోవడమే మేలు. పిడుగు పడితే రెండు వైపులా యంత్రాలు పోతాయి. అక్కడ ఫైబర్ వేసుకోవాలి.

కొనేటప్పుడు బిల్లు మీద 'పూర్తి రాగి' అని రాయించుకోవాలి. అలా రాసి పూత తీగ ఇస్తే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.