షికాగో: నది వెనక్కి పారే ఊరు

షికాగో వెళ్లిన మనవాళ్లు మామూలుగా చూసొచ్చేవి కొన్ని ఉన్నాయి. మిలీనియం పార్కులో అద్దంలా మెరిసే ‘బీన్’. విల్లిస్ టవర్ పై అంతస్తు. మిషిగన్ అవెన్యూ మీద పాత వాటర్ టవర్. స్వామి వివేకానంద ప్రసంగించిన భవనం. తీరిక ఉంటే నదిలో పడవ షికారు. ఈ నది ఒకప్పుడు మిషిగన్ సరస్సులో కలిసేది. ఇప్పుడు సరస్సు నీళ్లే నదిలోకి వస్తున్నాయి. నదిని వెనక్కి తిప్పింది మనుషులే. ఎందుకు తిప్పాల్సి వచ్చిందో తెలిస్తే, పైన చెప్పిన కట్టడాల్లో చాలావాటి కథ కూడా తెలిసిపోతుంది.

ముందు ఆ చోటు సంగతి చూద్దాం. మిషిగన్ సరస్సు ఒడ్డున ఒక చిన్న, నెమ్మదైన నది ఉండేది. దానికి పడమరగా కొద్ది మైళ్ల దూరంలో డెస్ ప్లెయిన్స్ అనే మరో నది ఉంది. ఈ రెండో నది నీరు ఇల్లినాయ్ నది మీదుగా మిసిసిపీలో కలిసి, దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికోకు చేరుతుంది. రెండింటి నడుమ ఉన్న జలవిభాజకం (వాననీరు ఏ నదికి వెళ్లాలో నిర్ణయించే మిట్ట) ఎత్తు కొద్ది అడుగులే. పడవను ఆ కాస్త దూరం మోసుకెళ్తే సరస్సు నుంచి మిసిసిపీకి దారి దొరికినట్టే. ఈ దారి స్థానిక తెగలకు ఎప్పటి నుంచో తెలుసు. 1673లో జోలియె, మార్కెట్ అనే ఫ్రెంచివాళ్లు వారి ద్వారానే తెలుసుకున్నారు. అక్కడ కాలువ తవ్వితే బాగుంటుందని జోలియె అప్పుడే అన్నాడు. ఆ కాలువ రావడానికి నూట డెబ్బై అయిదేళ్లు పట్టింది.

1833లో ఇది కొన్ని వందల మంది ఉన్న పల్లె. 1848లో ఇల్లినాయ్-మిషిగన్ కాలువ తెరుచుకుంది. దాని పొడవు 96 మైళ్లు. ఆ ఏడాదే మొదటి రైలు నడిచింది. ధాన్య వ్యాపారుల సంఘం ‘బోర్డ్ ఆఫ్ ట్రేడ్’ కూడా అప్పుడే పుట్టింది. 1850లో సుమారు 30 వేలున్న జనాభా 1870కి మూడు లక్షలకు చేరింది. ఇంత వేగంగా ఊరు పెరగడానికి ఆ పల్లపు నేలే కారణం. తర్వాత వచ్చిన చిక్కులకూ అదే కారణం.

నేల సరస్సు మట్టానికి కాస్తే ఎత్తు. కింద బంకమట్టి. వానాకాలంలో వీధులు బురదగుంటలయ్యేవి. మురుగు కదలడానికి వాలు లేదు. 1849లో, 1854లో కలరా వచ్చి వందల ప్రాణాలు తీసింది. దాంతో 1855లో బోస్టన్ నుంచి ఎల్లిస్ చెస్‌బ్రో అనే ఇంజినీరును పిలిపించారు. మురుగు గొట్టాలు నేలలో పాతితే వాలు రాదు గనక, ఆయన వాటిని వీధుల మీదే వేయించాడు. తర్వాత వాటి మీద మట్టి పోసి వీధులనే ఎత్తు చేశారు. కొన్ని చోట్ల ఆ ఎత్తు పది అడుగుల దాకా వెళ్లింది. ఫలితంగా పాత ఇళ్ల గుమ్మాలు వీధి కన్నా కిందికి పోయాయి.

అప్పుడు భవనాలనే పైకెత్తారు. ఇదేదో గొప్పకు చెప్పుకునే మాట కాదు. 1860లో లేక్ స్ట్రీట్‌లో 320 అడుగుల పొడవున్న అయిదంతస్తుల భవనాల వరుసను అలాగే లేపారు. కింద ఆరు వేల స్క్రూ జాక్‌లు (మర తిప్పితే బరువును కొద్దికొద్దిగా ఎత్తే పరికరాలు) పెట్టారు. ఆరు వందల మంది సంకేతం వినపడగానే అందరూ ఒకేసారి కొంచెం కొంచెం మర తిప్పేవారు. ఒక పక్క ముందు లేస్తే గోడ చీలుతుంది కాబట్టి పనంతా ఆ ఒకేసారి అన్నదాంట్లోనే ఉంది. అయిదు రోజుల్లో ఆ వరుస 4 అడుగుల 8 అంగుళాలు లేచింది. ఆ అయిదు రోజులూ లోపల దుకాణాలు తెరిచే ఉన్నాయి. తర్వాత రైలు పడక పెట్టెలతో పేరు తెచ్చుకున్న జార్జ్ పుల్‌మన్ అప్పట్లో ఈ భవనాలెత్తే కాంట్రాక్టులే చేసేవాడు.

వీధుల్లో మురుగు నిలవడం తగ్గింది. కానీ అది నదిలోకి పోయింది. నదేమో సరస్సులోకి పోయింది. ఊరు తాగేది సరస్సు నీళ్లు. దీనికి చెస్‌బ్రో చెప్పిన ఉపాయం ఒడ్డుకు దూరంగా వెళ్లి నీళ్లు తెచ్చుకోవడం. సరస్సు అడుగున బంకమట్టిలో రెండు మైళ్ల సొరంగం తవ్వారు. 1867లో అది పూర్తయింది. ఆ నీటిని ఊళ్లోకి తోడే పంపులు ఆగి ఆగి కొట్టినట్టు నెట్టేవి. ఆ కుదుపును సర్దడానికి 138 అడుగుల నిలువు గొట్టం ఒకటి కావాల్సి వచ్చింది. దాని చుట్టూ 1869లో కట్టిన రాతి తొడుగే నేటి వాటర్ టవర్. చూడటానికి చిన్న కోటలా ఉంటుంది గానీ అప్పట్లో లోపల ఉన్నది గొట్టమే. ఆ లేత పసుపు సున్నపురాయి నైరుతి దిక్కున ఉన్న లెమాంట్ ప్రాంతానిది. తొలి కాలువ తవ్వుతుండగా బయటపడ్డ రాయి అది. షికాగో చుట్టుపక్కల తెలుగువాళ్లకు లెమాంట్ అనగానే అక్కడి రాముడి గుడి గుర్తొస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ చుట్టుపక్కల పాత రాతి కట్టడాలను కూడా చూడండి.

1871 అక్టోబరు 8 రాత్రి పడమటి వైపు ఒక కొట్టంలో నిప్పు రాజుకుంది. ఊరు చాలావరకు చెక్కతో కట్టినదే. బురద మూలంగా కాలిబాటలకు కూడా పలకలే పరిచారు. ఎండాకాలమంతా వాన సరిగా లేదు. గాలి నైరుతి నుంచి బలంగా వీచింది. మంటలు నదిని దాటాయి. తెల్లవారుజామున నీటి పంపుల భవనం పైకప్పు కాలి పంపులు ఆగాయి. అక్కడితో మంటలు ఆర్పే ఆశ పోయింది. సుమారు 300 మంది చనిపోయారు. లక్ష మందికి నీడ లేకుండా పోయింది. వాటర్ టవర్ మాత్రం నిలిచింది. ఆ కొట్టం యజమానురాలు ఓలియరీ గారి ఆవు లాంతరు తన్నడంతో నిప్పంటుకుందన్న కథ ఇప్పటికీ చెబుతారు. దానికి ఆధారం లేదు. నగర కౌన్సిల్ 1997లో ఆవునూ ఆమెనూ నిర్దోషులని తేల్చింది. ఆవు ఏమీ అనుకోకపోయినా, వలస వచ్చిన ఒక పేద ఐరిష్ కుటుంబం బతికినన్నాళ్లూ ఆ నింద మోసింది.

కాలిన ఊరి శిథిలాలను సరస్సు ఒడ్డునే పోసి నేల పెంచారు. 1893లో ఆ మెరక మీద ఒక భవనం లేచింది. నేటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అదే. సర్వమత మహాసభ జరిగింది, సెప్టెంబరు 11న వివేకానంద మాట్లాడింది ఇక్కడే. ఆయన అదే ఏడాది జరిగిన ప్రపంచ ప్రదర్శన మైదానంలో మాట్లాడారని చాలామంది అనుకుంటారు. ఆ మైదానం జాక్సన్ పార్కులో, ఇక్కడికి ఏడు మైళ్ల దక్షిణాన ఉంది.

మంటల తర్వాత నడిబొడ్డున స్థలం ధర పెరిగింది. లిఫ్టు అప్పటికే వచ్చింది. కట్టడాలు పైకి పోవడం మొదలైంది. కానీ మెత్తటి నేల మీద బరువు ఎలా పెట్టాలి? డియర్‌బార్న్ స్ట్రీట్‌లో మొనాడ్‌నాక్ భవనం ఈ ప్రశ్నకు రెండు జవాబులూ చూపిస్తుంది. 1891లో కట్టిన ఉత్తర భాగం పదహారంతస్తులు. బయటి ఇటుక గోడలే బరువు మోస్తాయి. అందుకని అడుగున గోడ మందం ఆరడుగులు. కిటికీ దగ్గర నిలబడితే గోడ ఎంత లోతో కళ్లకు కడుతుంది. ఆ బరువుకు భవనం తర్వాతి దశాబ్దాల్లో 20 అంగుళాలు నేలలోకి దిగింది. రెండేళ్ల తర్వాత కట్టిన దక్షిణ భాగంలో ఉక్కు చట్రం వాడారు. మన ఊళ్లలో ముందు పిల్లర్లు, స్లాబులు లేపి తర్వాత గోడలు నింపినట్టే అది. గోడ పలచనైంది, కిటికీలు పెద్దవయ్యాయి. 1885లో హోమ్ ఇన్సూరెన్స్ భవనంతో మొదలైన ఈ పద్ధతే ఆకాశహర్మ్యాలకు దారి వేసింది. అదే దారిలో, ఢాకాలో పుట్టిన ఇంజినీరు ఫజ్లూర్ రహ్మాన్ ఖాన్ తొమ్మిది చతురస్రపు గొట్టాలను ఒక కట్టగా నిలబెట్టినట్టు 110 అంతస్తుల సియర్స్ టవర్‌కు రూపమిచ్చాడు. నేటి విల్లిస్ టవర్ అదే. ఎత్తు 1,450 అడుగులు. దాని పునాదులు బంకమట్టిని దాటి కింది రాతి పొర దాకా దిగాయి.

మళ్లీ నది దగ్గరికి వద్దాం. రెండు మైళ్ల సొరంగం సరిపోలేదు. పెద్ద వాన కురిస్తే మురుగు అంత దూరమూ వెళ్లేది. 1885లో కురిసిన అలాంటి ఒక పెద్ద వాన తర్వాత 90 వేల మంది చచ్చిపోయారని పుస్తకాల్లో కూడా రాశారు. అది కట్టుకథ. అంత పెద్ద విలయం జరగలేదు. టైఫాయిడ్ మాత్రం నిజం. అది 1891లో సుమారు రెండు వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇక మిగిలిన దారి నదినే సరస్సు నుంచి మళ్లించడం. 1892లో మొదలుపెట్టి, ఆ పాత జలవిభాజకాన్ని కోస్తూ 28 మైళ్ల కాలువ తవ్వారు. కాలువ అడుగు నది అడుగు కన్నా లోతుగా, పడమటికి వాలుగా పెట్టారు. ఇక నీరు దానంతటదే అటు తిరిగింది. పంపుల పని లేదు, పల్లమే పని చేసింది.

1900 జనవరి 2న పెద్దగా హడావిడి లేకుండా గట్టు తెంచారు. తొందరకు కారణముంది. కాలువ దిగువన ఉన్న మిస్సోరీ రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లబోతోంది. మీ మురుగు మేమెందుకు తాగాలన్నది వాళ్ల వాదన. విచారణలో ఒక వింత ప్రయోగం వచ్చింది. హాని చేయని బ్యాక్టీరియాను 107 పీపాల నిండా తెచ్చి కాలువలో పోశారు. సెయింట్ లూయిస్ దాకా చేరుతుందా అని చూశారు. దాదాపు నెల తర్వాత అక్కడ ఏవో కొన్ని మాత్రమే కనిపించాయన్నారు. 1906లో మిస్సోరీ ఓడిపోయింది. తర్వాత సరస్సు చుట్టూ ఉన్న రాష్ట్రాలు నీరు తగ్గిపోతోందని కోర్టుకెక్కాయి. 1967 నాటి ఉత్తర్వు ప్రకారం ఇల్లినాయ్ సరస్సు నుంచి సగటున 3,200 క్యూసెక్కులకు మించి తీసుకోకూడదు. నీటి పంచాయతీలు ఎక్కడైనా నీటి పంచాయతీలే.

నది తిరిగినా ఊరి పాత గొట్టాలు మారలేదు. మురుగు, వాననీరు ఒకే గొట్టంలో పోతాయి. కుండపోత కురిస్తే గొట్టం చాలక రెండూ కలిసి నదిలో పడతాయి. మరీ ఎక్కువైతే గేట్లు ఎత్తి నదిని మళ్లీ సరస్సులోకి వదలాల్సి వస్తుంది. అందుకని 1975 నుంచి భూమి కింద 109 మైళ్ల ‘డీప్ టన్నెల్’ తవ్వారు. కొన్ని చోట్ల లోతు 300 అడుగులు. సొరంగాలు 2006కు పూర్తయ్యాయి. వాటి నీరు చేరే జలాశయాలు కొన్ని సున్నపురాతి క్వారీల్లో ఉన్నాయి. మెకూక్ దగ్గరి జలాశయం రెండో దశ 2029కి సిద్ధమవుతుందని అంచనా.

నది గురించి షికాగో ఇప్పుడు మళ్లీ మాట్లాడుకోవడానికి కారణం మురుగు కాదు, చేప. ఆ కొద్దిపాటి మిట్ట వేల ఏళ్లుగా రెండు నీటి ప్రపంచాలను విడదీసి ఉంచింది. కాలువ దాన్ని తొలగించింది. దక్షిణాన చేపల చెరువుల నుంచి తప్పించుకున్న ఆసియా కార్ప్ చేపలు మిసిసిపీ, ఇల్లినాయ్ నదుల్లో ఎదురీదుతూ పైకి వచ్చాయి. మనం చెరువుల్లో పెంచుకునే వెండి చేప, గడ్డి చేపల వంటి జాతులే ఇవి. అవి సరస్సులో చేరితే అక్కడి చేపలకు తిండి మిగలదని భయం. 2002 నుంచి రోమియోవిల్ దగ్గర కాలువ నీటిలో కరెంటు పంపి వాటిని ఆపుతున్నారు. కాలువను పూర్తిగా మూసి రెండు పరీవాహకాలను మళ్లీ వేరు చేస్తే ఎంతవుతుందో ఆర్మీ ఇంజినీర్లు 2014లో లెక్క కట్టారు. కొన్ని పద్ధతులకు 1,800 కోట్ల డాలర్ల దాకా ఖర్చు, 25 ఏళ్ల దాకా సమయం పడుతుందని తేలింది. అన్నిటికన్నా ముందు, మురుగు నీటిని అప్పుడు ఎటు పంపాలో తేల్చుకోవాలి. ప్రస్తుతానికి ఇంకాస్త దిగువన, జోలియెట్ పక్కన బ్రాండన్ రోడ్ దగ్గర మరో అడ్డు కట్టే పని పెట్టుకున్నారు.