మోగేది ఒక ట్యాబ్... వాయించేది ఇంకో ట్యాబ్!

లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్ ఇప్పుడు మీ ఇంట్లో ఎక్కడుంది? చాలా ఇళ్లలో జవాబు ఒకటే... బీరువా సొరుగులో! కొత్త యాప్‌లు ఎక్కవు, ఎక్కినా నత్తనడక. అమ్మేద్దామంటే వచ్చేది అంతంతమాత్రం. అలాంటి ట్యాబ్‌నే నేను రెండేళ్లుగా వాయిద్యంలా వాడుతున్నాను. తమాషా ఏంటంటే, దాంట్లోంచి ఒక్క స్వరం కూడా రాదు. శబ్దమంతా అవతలి మూల స్పీకర్ పక్కనున్న ఇంకో ట్యాబ్‌లోంచి వస్తుంది. రెండింటి మధ్య ఒక్క వైరూ ఉండదు.

ఇది చూసిన ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒకటే: ‘వాయించడానికి ఒక్క ట్యాబ్ చాలదా? రెండెందుకు?’ అని. కారణాలు రెండు. శబ్దం ఇచ్చే ట్యాబ్‌కి మిక్సర్ వైరు, చార్జర్ తగిలించి ఉంటాయి కాబట్టి అది కదలదు. పైగా సింథ్, డ్రమ్స్, వాల్యూమ్ అన్నీ ఒకే స్క్రీన్‌లో ఇరుక్కుంటే, పాట మధ్యలో ఒకటి మార్చాలంటే ఇంకోటి వదలాలి. రెండో ట్యాబ్ ఉంటే స్క్రీన్ మొత్తం మన వేళ్లకే. కంట్రోలర్ కీబోర్డు కొందామంటే వేలల్లో ఖర్చు. ఇది ఇంట్లో ఉన్నదే కదా!

గాల్లో వెళ్లేది పాట కాదు

మరి అంత నీరసమైన పాత ట్యాబ్ ఈ పని ఎలా చేస్తుంది? హోటల్లో సర్వర్ ‘రెండిడ్లీ, ఒక పెసరట్టు’ అని లోపలికి కేకేస్తాడు. వండేది మాత్రం వంటింట్లోనే. మన పాత ట్యాబ్ చేసేది ఆ కేక వేసే పనే. దాన్నుంచి శబ్దం వెళ్లదు, ఆర్డర్ మాత్రమే వెళ్తుంది.

ఆ ఆర్డర్ భాష పేరు మిడి. ఒకప్పుడు ఒక కంపెనీ సింథసైజర్ చెప్పేది ఇంకో కంపెనీదానికి అర్థమయ్యేది కాదు. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషి ముందుండి ఈ ఉమ్మడి భాషను తెచ్చారు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన నామ్ షోలో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద నొక్కితే రెండోది మోగేలా చూపించారు. ఇందుకే 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

ఏ స్వరం, ఎంత గట్టిగా... ఇంతే సందేశం. మొత్తం 3 బైట్లు! 100 కేబీ ఫొటో పట్టే చోట ఇలాంటి సందేశాలు 30 వేలకు పైగా పడతాయి. ఈ పనికి పాత ప్రాసెసర్ కూడా ఎక్కువే.

కలిపేదెలా?

ముందుగా పాత ట్యాబ్ వెనకభాగం చూడండి. ఉబ్బినట్టుంటే చార్జింగ్ పెట్టొద్దు, రిపేర్ షాపులో చూపించండి. బాగుంటే దారులు రెండు.

బ్లూటూత్: ఐప్యాడ్లలో 2014లో వచ్చిన ఐఓఎస్ 8 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2015 నాటి 6.0 నుంచి ఈ సౌకర్యం ఉంది. అయితే ఇయర్‌బడ్స్‌లా మామూలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి జత చేస్తే సరిపోదు. సంగీతం యాప్ లోపలే కలపాలి. గ్యారేజ్‌బ్యాండ్ అయితే దాని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ మిడి డివైజెస్ అని ఉంటుంది. వాయించే ట్యాబ్‌లో మాత్రం, తాను అవతలివాళ్లకు కనబడేలా ప్రకటించుకోగల మిడి యాప్ ఉండాలి.

వైఫై: 2008లో వచ్చిన టచ్‌ఓఎస్‌సీ లాంటి యాప్‌లో బటన్లు, స్లైడర్లు మనకు నచ్చినట్టు పేర్చుకోవచ్చు. అవతలి ట్యాబ్ ఐపీ అడ్రస్, పోర్ట్ నంబర్ ఇందులో కొట్టాలి. పోర్ట్ రెండు వైపులా ఒకటే అయ్యుండాలి. అవతలి యాప్‌కి ఓఎస్‌సీ భాష వచ్చో రాదో ముందే చూసుకోండి.

హాస్టల్, కాలేజీ వైఫైల్లో ఒక పరికరం ఇంకోదాంతో మాట్లాడకుండా అడ్డుకట్ట వేసి ఉండొచ్చు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, రెండు ట్యాబ్‌లనూ దానికే కలపండి. వాటి మధ్య నడిచే సందేశాలకు మీ డేటా ఖర్చు కాదు.

ఆలస్యమే అసలు విలన్

గాల్లో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే స్పీకర్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడితే, ఏ ట్యాబ్‌తో సంబంధం లేకుండానే 10 మిల్లీసెకన్లు ఆలస్యం. బ్లూటూత్ మిడిలో ఆలస్యం కూడా మామూలుగా ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉంటుంది. చెవి సర్దుకుపోతుంది.

కొంప ముంచేది బ్లూటూత్ స్పీకర్! అది శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పేలోపు 100 నుంచి 200 మిల్లీసెకన్లు కూడా దాటొచ్చు. మీరు ఇప్పుడు కొట్టిన డ్రమ్ తర్వాత మోగుతుంది, తాళం గల్లంతు. అందుకే నా రూల్ ఒకటే: ఆర్డర్ గాల్లో, శబ్దం వైర్లో. ట్యాబ్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేకపోతే టైప్-సీ కన్వర్టర్ పెట్టుకోవచ్చు.

స్టేజీ మీద ఇంకో తలనొప్పి... ఆగని స్వరం. ‘మొదలెట్టు’ అన్న సందేశం వెళ్లాక సిగ్నల్ తెగితే, ‘ఆపు’ అన్నది చేరదు. ఆ స్వరం అలా మోగుతూనే ఉంటుంది. అన్ని స్వరాలనూ ఒకేసారి ఆపే పానిక్ బటన్ ఒకటి స్క్రీన్ మూల పెట్టుకోండి. స్క్రీన్ లాక్, నోటిఫికేషన్లు ముందే ఆపేయండి.

మరి గమకం?

నాకు ఈ పద్ధతి నచ్చడానికి అసలు కారణం ఇదే. కీబోర్డులో స్వరాలు మెట్లలా ఉంటాయి. మన సంగీతం ప్రాణమేమో మెట్ల మధ్యలో ఉంది. టచ్ స్క్రీన్‌కి మెట్లు లేవు, వేలు జార్చొచ్చు. మిడిలో చాలా విలువలకు 128 అంకెలే అయినా, స్వరాన్ని వంచే పిచ్ బెండ్‌కి 16,384 అంకెలున్నాయి.

చిక్కల్లా, చాలా యాప్‌లలో అది అటు రెండు, ఇటు రెండు సెమీటోన్ల వరకే వంగేలా పెట్టి ఉంటుంది. సా నుంచి పా దాకా 7 సెమీటోన్లు. కాబట్టి బెండ్ రేంజ్‌ని రెండు ట్యాబ్‌లలోనూ 12 చేయండి. ఒక వైపే మార్చారో, అపస్వరమే!

ఇంకో సంగతి. బెండ్ ఒక ఛానల్ మొత్తానికి పనిచేస్తుంది. తంబూరా కూడా అదే ఛానల్‌లో ఉంటే శ్రుతి కూడా రాగంతో పాటు జారిపోతుంది. మిడిలో 16 ఛానళ్లున్నాయి, తంబూరాకి వేరేది ఇవ్వండి. ఒక్కో స్వరానికి ఒక్కో ఛానల్ ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018లో అధికారికంగా మిడిలో చేరింది. ఐప్యాడ్ మీద జియోష్రెడ్ యాప్‌తో కర్ణాటక సంగీతం వాయించే మహేశ్ రాఘవన్ వీడియోలు చూస్తే, గాజు పలక మీద వేలితో గమకం ఎలా పలుకుతుందో అర్థమవుతుంది. వేరే పరికరంలోని వాయిద్యాన్ని నడిపించడానికి కూడా ఆ యాప్ పనికొస్తుంది.

మొదటి రోజు పాటల జోలికి వెళ్లకండి. ఒక ఛానల్‌లో తంబూరా వదిలి, ఇంకో దాంట్లో సా నుంచి పా దాకా ఒక్క జారు సాధన చేయండి. అది శ్రుతిలో కుదరడానికి నాకు గంట పట్టింది. కుదిరాక మాత్రం, కొత్త కీబోర్డు ధరలు వెతకడం మానేశాను.