కుర్ర ఎడ్ల జత సత్తువ అంచనా: మొత్తం దూరం ఒక్కటే చాలదు

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో సంక్రాంతికి, తిరునాళ్ళకు జరిగే ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలలో గెలుపును నిర్ణయించేది ఒకే అంకె. నిర్ణీత సమయంలో జత బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే ఆ అంకె. బహుమతి ఇవ్వడానికి అది సరిపోతుంది. కుర్ర జతను కొనదలచిన రైతుకు, ఏ బరువుకు సిద్ధం చేయాలో తేల్చుకోవలసిన పెంపకందారుకు మాత్రం సరిపోదు.

ఉదాహరణకు రెండు జతలు ఒకే బండను పది నిమిషాలలో 3,000 అడుగుల చొప్పున లాగాయనుకుందాం. మొదటి జత తొలి ఐదు నిమిషాలలో 1,800, తరువాతి ఐదు నిమిషాలలో 1,200 అడుగులు నడిచింది. రెండవది వరుసగా 1,550, 1,450 అడుగులు నడిచింది. మొత్తం సమానమే. అయితే మొదటి జత వేగం మూడో వంతు పడిపోయింది. దానికి తక్కువ సమయపు పోటీ నప్పవచ్చు, లేదా ఆ బండ దాని వయస్సుకు మించినదై ఉండవచ్చు. రెండింటిలో ఏది నిజమో బరువు తగ్గించి మళ్ళీ చూస్తేనే తెలుస్తుంది.

పందెపు గుర్రాలలోనూ ఈ తేడా ఉంది. పొట్టి దూరానికి, నిడుపు దూరానికి తగిన గుర్రాల మధ్య భేదానికి మయోస్టాటిన్ జన్యువుతో సంబంధమున్నదని డబ్లిన్ పరిశోధకులు 2010లో వెల్లడించారు. గుర్రాల ఫలితాన్ని ఎడ్లకు అంటగట్టడం తగదు. ఇక్కడ కంటితో, గడియారంతో చూడవలసిందే.

వయస్సు విభాగాలు పళ్ళను బట్టి ఏర్పడ్డాయి: పాలపళ్ళు, రెండు, నాలుగు, ఆరు పళ్ళు, ఆపై సీనియర్లు. మొదటి జత శాశ్వత దంతాలు సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు వస్తాయి; నాలుగు జతలూ పూర్తయ్యేసరికి నాలుగేళ్ళు దాటుతుంది. మేతను బట్టి ఇది ముందువెనుకలవుతుంది. రెండు పళ్ళ గిత్త ఎంత బలిసి కనిపించినా దాని ఎముకల పెరుగుదల ముగియలేదు. ఆ వయస్సులో బరువైన బండ కడితే కీళ్ళు దెబ్బతిని, ఆరు పళ్ళ నాటికి ఆ గిత్త పోటీకీ, పొలానికీ కొరగాకుండా పోయే ప్రమాదముంది.

బరువు అంచనాకు ఛాతీ చుట్టుకొలతను అదే సంఖ్యతో హెచ్చించి, శరీరపు పొడవుతో గుణించి, 300తో భాగించాలి. కొలతలు అంగుళాలలో ఉంటే ఫలితం పౌండ్లలో వస్తుంది. చుట్టుకొలత 72, పొడవు 60 అంగుళాలైతే సుమారు 1,037 పౌండ్లు, అంటే 470 కిలోలు. గంటల తరబడి చేసే పనిలో ఎద్దు నిలకడగా లాగగలిగేది తన బరువులో దాదాపు పదో వంతు బలంతోనే. పోటీలో కొద్ది నిమిషాలపాటు అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది కనుక, మిరప సాళ్ళలో గుంటక లాగే ఓపికకు పోటీ ఫలితం కొలమానం కాజాలదు.

నేలను మరచిపోరాదు. గట్టిపడిన నేలపై తేలికగా జారే బండ, తడి నల్లరేగడిలో మట్టి పట్టి మొరాయిస్తుంది. బండ బరువు ఒకటే అయినా లాగవలసిన బలం వేరు. ఒక ఊరి అడుగులను మరొక ఊరి అడుగులతో పోల్చేముందు గొలుసుకు డైనమోమీటరు తగిలించి చూడటం మేలు.

దిగిన తరువాత శ్వాస, నాడి, ఉష్ణోగ్రత ఎంతసేపటికి యథాస్థితికి వచ్చాయో, నురగ కారిందా, నాలుక వేలాడిందా, అడుగులు తడబడ్డాయా అన్నవి నమోదు చేయాలి. చర్నాకోల దెబ్బలతో నడిచిన అడుగులను జత సత్తువగా లెక్కించడం పొరపాటు; అవి అలసటను దాచిపెడతాయి. కనుక శిక్షణలో కొరడా లేకుండా, కనీసం మూడు వేర్వేరు రోజులలో, నిమిష నిమిషానికీ దూరం రాసుకోవాలి. ఇందుకు ఒక గడియారం, ఒక టేపు, ఒక నోటుపుస్తకం చాలు.