విరామం తరువాత వచ్చిన సంగీతం: రమేష్ నాయుడు

బ్రిటిష్ రాక్ గాయకుడు పీటర్ గాబ్రియల్ 2002లో 'అప్' అనే ఆల్బమ్ విడుదల చేశాడు. పూర్తిగా కొత్త పాటలతో ఆయన తరువాతి ఆల్బమ్ 'ఐ/ఓ' రావడానికి 21 సంవత్సరాలు పట్టింది. అయితే ఆ మధ్యకాలమంతా ఆయన ఖాళీగా లేడు. 2010లో ఇతరుల పాటలను, ఆ మరుసటి సంవత్సరం తన పాత పాటలను ఆర్కెస్ట్రాతో పాడి రికార్డు చేశాడు. 'విరామం' అని మనం అంటున్నది చాలాసార్లు శ్రోత వైపు నుంచి చూసిన మాట మాత్రమేనని గమనించండి.

తెలుగులో ఇందుకు దగ్గరి ఉదాహరణ సంగీత దర్శకుడు రమేష్ నాయుడు. మనవద్ద పాటకు ప్రధాన వేదిక సినిమా కాబట్టి, ఆయన తిరిగిరావడాన్ని కూడా సినిమాలోనే చూడాలి. కృష్ణా జిల్లా కొండపల్లిలో పుట్టిన ఆయన 'మనోరమ' (1959)లో తలత్ మహమూద్ చేత తెలుగు పాటలు పాడించారు. ఆ తరువాత కలకత్తా వెళ్లి బెంగాలీ, ఒరియా చిత్రాలకు పనిచేశారు. దాదాపు ఒక దశాబ్దం తెలుగు శ్రోతకు ఆయన లేనట్టే. 1972లో 'అమ్మమాట'తో తిరిగివచ్చారు. పాలకొల్లుకు చెందిన దాసరి నారాయణరావు దర్శకుడిగా తీసిన తొలి చిత్రం 'తాత మనవడు'కూ ఆయనదే సంగీతం.

చాలాకాలం తరువాత తిరిగివచ్చే కళాకారుడికి రెండు ప్రమాదాలుంటాయి: తన పాతనే మళ్లీ వినిపించడం, లేదా నడుస్తున్న ఫ్యాషన్ వెంట పరుగెత్తడం. రమేష్ నాయుడు ఈ రెండింటినీ ఎలా తప్పించుకున్నారో 'మేఘసందేశం' (1982)లో స్పష్టంగా తెలుస్తుంది. అప్పటికి తెలుగు పాటలో దరువు, వేగం బాగా పెరిగాయి. ముందు బాణీ కట్టి, దానికి సరిపడా మాటలు రాయించడం మామూలైంది. రమేష్ నాయుడుకు మాత్రం ముందు సాహిత్యం కావాలి. బాణీ ఆ తరువాతే. ఇది కేవలం అలవాటు కాదు. ఈ చిత్రంలో వేటూరి పాటలతోపాటు 12వ శతాబ్దపు జయదేవుని అష్టపది ఉంది. 1980లో కన్నుమూసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గీతాలున్నాయి. వాటిలో ఒకటి 1925 నాటి 'కృష్ణపక్షం' కావ్యంలోనిది! బాణీకి పొసగడం లేదు, ఒక మాట మార్చమని అడగడానికి ఆ కవులు లేరు. సంగీతమే మాటకు ఒదగాలి. ముందు మాట, తరువాత బాణీ అనే పద్ధతి పాటించే సంగీత దర్శకుడికే ఇలాంటి పని సహజంగా వస్తుంది.

కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కల్యాణి రాగ ఛాయలో పాడిన పాట కూడా ఇందులోదే. ఈ చిత్రానికి జాతీయ పురస్కారాల్లో ఉత్తమ సంగీత దర్శకుడు, గాయకుడు (ఏసుదాసు), గాయని (పి. సుశీల), ఉత్తమ తెలుగు చిత్రం అవార్డులు వచ్చాయి. పురస్కారాల సంగతి అలా ఉంచి, పాటలనే వినండి. రమేష్ నాయుడు 1987లో మరణించారు. అంటే, తిరిగివచ్చాక ఆయనకు దొరికిన కాలం 15 ఏళ్లే.

అభ్యాసం: 'మేఘసందేశం'లో కృష్ణశాస్త్రి గీతం ఒకటి, వేటూరి పాట ఒకటి వినండి. ముందుగా మాటలను బాణీ లేకుండా పైకి చదవండి. మీరు ఆగిన చోటే గాయకుడూ ఆగాడా? తేడా ఉన్నచోట ఏ వాద్యం వినిపించిందో రాయండి.