పాచి పేరు తేల్చే బీజకవచం

మా పాఠశాల ప్రయోగశాలలో ఫార్మలిన్ పోసిన ఒక గాజు సీసా ఉంది. అందులో రంగు వెలిసిన చెరువు పాచి. చాలా ఏళ్ల క్రితం మేమే దాని మీద ‘స్పైరోగైరా వేరియన్స్’ అని చీటీ అంటించాం. పోగు వెడల్పు కొలిచాం, పుస్తకంలోని అంకెకు సరిపోయింది, అంతే. అలా రాయడానికి మా దగ్గర ఆధారం లేదని తర్వాత గానీ తెలియలేదు.

పట్టుదారంలా చేతికి జారిపోయే ఈ పాచిని పెద్దలందరూ చూసే ఉంటారు. సూక్ష్మదర్శిని కింద దాని ప్రజాతిని గుర్తించడం కష్టం కాదు. కణంలో హరితరేణువు రిబ్బనులా మెలి తిరిగి ఉంటే స్పైరోగైరా, నక్షత్రాల్లా రెండుంటే జిగ్నీమా. చిక్కు జాతి దగ్గరే వస్తుంది. స్పైరోగైరాలోనే వందల జాతులున్నాయి. వాటిలో చాలావాటి పోగులు చూడటానికి ఒకేలా ఉంటాయి.

తేడా బయటపడేది సంయుక్త బీజంలో. రెండు పోగులు పక్కపక్కన చేరి, నిచ్చెన మెట్లలా గొట్టాలు కలుపుకుంటాయి. ఒక కణంలోని పదార్థమంతా ఎదుటి కణంలోకి జారి, అక్కడ బీజం ఏర్పడుతుంది. దాని గోడకు మామూలుగా మూడు పొరలు. మధ్యపొర గట్టిది, పండాక పసుపు లేదా గోధుమ రంగుకు వస్తుంది. చెరువు ఎండినా బీజం బతికి, వానలకు మొలకెత్తేది ఎక్కువగా ఈ పొర చలవే. కొన్ని జాతుల్లో ఇది నున్నగా ఉంటుంది, కొన్నింటిలో నారింజ తొక్కలా గుంటలు, మరికొన్నింటిలో వల అల్లిక. స్పైరోగైరా వేరియన్స్ బీజం కోలగా, మధ్యపొర నున్నగా ఉంటుంది. స్పైరోగైరా మాక్సిమా బీజం మసూర్ గింజలా అప్పచ్చిగా ఉండి, పొర మీద వల కనిపిస్తుంది. పచ్చి బీజాన్ని చూసి మాత్రం మోసపోకూడదు. ఏ జాతిదైనా అప్పటికి నున్నగానే కనిపిస్తుంది.

పోగు వెడల్పును ఎందుకు నమ్మకూడదు? 1980లలో అమెరికా పరిశోధకులు ఒకే పోగు నుంచి పెంచిన పాచిలో క్రోమోజోముల సంఖ్య మారి, వేర్వేరు వెడల్పుల పోగులు రావడం చూశారు. కొలతను బట్టి పేరు పెడితే ఒకే తల్లి బిడ్డలు వేర్వేరు జాతులైపోతారు!

ఈ కుటుంబం మీద 1951లో అమెరికాకు చెందిన ట్రాన్సో ఒక పుస్తకం రాశారు. 1959లో మన ఎం.ఎస్. రంధావా ‘జిగ్నీమేసీ’ అనే గ్రంథం వెలువరించారు. రంధావా ఐ.సి.ఎస్. అధికారి. 1947 నాటి కల్లోలంలో ఢిల్లీ డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసిన మనిషి పాచి బీజాల కోసం కూడా సమయం మిగుల్చుకున్నారంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పాత చీటీ తీసేసి ‘స్పైరోగైరా, బీజం దొరకలేదు’ అని రాశాం. పిల్లలకు మాత్రం ఒక గుర్తు చెప్పాం. నిగనిగలాడే పచ్చ పాచి వద్దు, పసుపు, గోధుమ రంగులకు తిరిగిన ముద్ద తెమ్మన్నాం. బీజాలుండే అవకాశం అందులోనే ఎక్కువ.